కాపాడే చేతికి చదువు

2023 ఫిబ్రవరి 9 ఉదయం పెద్దాపురం మండలం జి.రాగంపేటలోని ఒక నూనె కర్మాగారంలో ట్యాంకు శుభ్రం చేయడానికి కూలీలు దిగారు. లోపలికి దిగిన మనిషి తిరిగి పైకి రాలేదు. ఒకరి వెనుక ఒకరు దిగారు. చివరికి ఏడుగురి శవాలను ఆ ట్యాంకులోంచి తీయాల్సి వచ్చింది. వాళ్లలో ఐదుగురు బతుకుతెరువు కోసం పాడేరు వైపు కొండల నుంచి వచ్చినవాళ్లు. ఇద్దరు పక్కనే ఉన్న పులిమేరు వాళ్లు.

ట్యాంకులో మంట లేదు, పేలుడు లేదు, కంటికి కనిపించే ప్రమాదం ఏదీ లేదు. మనం పీల్చే గాలిలో ప్రాణవాయువు దాదాపు 21 శాతం ఉంటుంది. మూసి ఉన్న ఇనుప తొట్టిలో అడుగున మిగిలిన నూనె మడ్డి కుళ్లుతూ, ఇనుము తుప్పు పడుతూ ఆ వాయువును తినేస్తాయి. అది 19.5 శాతం కంటే తగ్గితే అక్కడికి మనిషిని పంపకూడదని భద్రతా నియమాలు చెబుతాయి. పది శాతం దరిదాపులకు వస్తే మనిషికి స్పృహ నిలవదు. ఊపిరాడటం లేదని తెలిసేలోపే కాళ్లు సహకరించవు. తోటివాడు పడిపోతే చూస్తూ ఊరుకోలేక దిగినవాడికీ అదే గతి పడుతుంది. ప్రపంచంలో ఎక్కడ లెక్క తీసినా ఇలాంటి మూసిన చోట్లలో చనిపోయేవారిలో కాపాడటానికి వెళ్లినవాళ్లే చాలామంది. ధైర్యానికి, మంచితనానికి లోటు లేని చోట శిక్షణ లేకపోతే ఒక చావు ఏడు చావులు కావడానికి నిమిషాలు చాలు.

గోదావరి జిల్లాల్లో అగ్నిమాపక విద్యకూ, అత్యవసర వైద్య విద్యకూ ఉన్న చరిత్ర నిండా ఇదే కథ. ఎప్పుడూ ముందు ప్రమాదం వచ్చింది, దాని వెనకాల పాఠం వచ్చింది.

పెద్దాపురం పాత ఊరు. వత్సవాయి వారి సంస్థానానికి రాజధాని, పట్టు నేతకు పేరు పడ్డ పట్టణం. 1915లోనే మున్సిపాలిటీ అయింది. అయినా ఇక్కడా, చుట్టుపక్కల పల్లెల్లోనూ మొన్నమొన్నటి వరకు తాటాకు ఇళ్లు ఎక్కువ. వేసవిలో పడమటి వడగాలి తిరిగిందంటే ఒక పొయ్యిలోంచి లేచిన నిప్పురవ్వ వీధి వీధినంతా బూడిద చేసేది. అప్పటి పల్లెలకు తెలిసిన అగ్నిమాపక విద్య రెండే పనులు. చెరువు నుంచి కుండలు, బిందెలు చేతులు మార్చుకుంటూ వరసగా నిలబడటం ఒకటి. అంటుకున్న ఇంటిని వదిలేసి దాని పక్కింటి కప్పు లాగి పడేయడం రెండోది. ఈ రెండో పనిలో గొప్ప తెలివి ఉంది. మంటకు మేత దొరకకుండా చేయడం ఈనాటికీ అగ్నిమాపక పాఠ్యపుస్తకంలో మొదటి అధ్యాయమే. అలాగే పాత బావిలోకి దిగే ముందు దీపం దించి చూసేవాళ్లు. దీపం కొండెక్కితే మనిషిని దించేవారు కాదు. రాగంపేట ట్యాంకు దగ్గర కావలసిన జ్ఞానం ఒక రూపంలో ఊళ్లలో ఉండేది. కర్మాగారాల కాలం వచ్చేసరికి పాత అలవాటు పోయింది, దాని స్థానంలోకి రావలసిన గ్యాస్ మీటరు మాత్రం కూలీ చేతికి రాలేదు.

మంట ఆర్పడం నేర్పవలసిన విద్య అని మొదట గట్టిగా నమ్మినవాడు స్కాట్లండుకు చెందిన జేమ్స్ బ్రెయిడ్‌వుడ్. 1824లో ఎడింబరో పట్టణానికి అగ్నిమాపక దళం ఏర్పడినప్పుడు అతను దాని అధిపతి అయ్యాడు. కండబలం ఉన్న ఎవరినో చేర్చుకోకుండా తాపీ మేస్త్రీలను, వడ్రంగులను, ఇంటి కప్పులు వేసేవాళ్లను ఎంచుకున్నాడు. గోడ ఎప్పుడు కూలుతుందో, దూలం ఎంతసేపు నిలుస్తుందో వాళ్లకు తెలుసు. వాళ్లకు చీకట్లో కవాతు చేయించి నేర్పాడు, తాను నేర్చినదాన్ని 1830లో పుస్తకంగా అచ్చు వేశాడు. తరువాత లండన్ దళానికి అధిపతిగా వెళ్లి, 1861లో టూలీ స్ట్రీట్ గిడ్డంగుల మంటల్లో గోడ మీద పడి చనిపోయాడు.

మద్రాసు నగరానికి 1908లో అగ్నిమాపక దళం వచ్చింది. కోస్తాంధ్ర ఊళ్లకు ఆ స్పృహ రావడానికి యుద్ధం కావలసి వచ్చింది. 1942 ఏప్రిల్ 6న ర్యూజో అనే జపాను విమాన వాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. పెద్దాపురానికి ఇరవై కిలోమీటర్ల దూరంలో యుద్ధం దిగింది. ఆ రోజుల్లో తీర పట్టణాల్లో ఏఆర్‌పీ (వైమానిక దాడుల నుంచి రక్షణ) వార్డెన్లని కొందరు పౌరులకు చేతిపంపుతో మంట ఆర్పడం, గాయానికి కట్టు కట్టడం, స్ట్రెచర్ మోయడం నేర్పారు. మామూలు గుమాస్తాకు, బడిపంతులుకు ఈ రెండు విద్యలూ కలిపి నేర్పిన తొలి సందర్భం బహుశా ఇదే. యుద్ధం ముగియగానే ఆ తరగతులూ ముగిశాయి.

కాకినాడ మీద బాంబులు పడ్డ రెండేళ్లకు అంతకు మించిన ఘోరం జరిగింది. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాకులో ఫోర్ట్ స్టికిన్ అనే నౌకలో మంట లేచింది. అందులో పత్తి బేళ్లూ ఉన్నాయి, 1,400 టన్నుల దాకా పేలుడు సామగ్రీ ఉంది. దళం వాళ్లు ఓడ మీద నీళ్లు కొడుతుండగానే అది పేలింది, అరగంట దాటీ దాటకుండానే మళ్లీ పేలింది. 66 మంది అగ్నిమాపక సిబ్బంది పోయారు. ఏటా ఏప్రిల్ 14న పెద్దాపురం నుంచి ఆదిలాబాదు దాకా ప్రతి ఫైర్ స్టేషన్‌లో మొదలయ్యే అగ్నిమాపక వారోత్సవాలు వాళ్ల స్మారకమే. పాఠశాల పిల్లల ముందు గ్యాస్ సిలిండర్ మంట మీద తడి గోనె కప్పి చూపించే ఆ వారం వెనుక ఇంత పెద్ద విషాదం ఉందని ఎక్కువమందికి తెలియదు.

స్వతంత్ర భారతం ఈ విద్యకు కళాశాల కట్టేసరికి ఆ పేలుడు జరిగి పన్నెండేళ్లయింది. 1956లో ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్‌లో జాతీయ అగ్నిమాపక కళాశాల మొదలై, మరుసటేడు నాగపూర్‌కు మారింది. దళాల అధికారులకు సబ్ ఆఫీసర్ కోర్సు, స్టేషన్ ఆఫీసర్ కోర్సు, తరువాతి దశాబ్దాల్లో ఫైర్ ఇంజనీరింగ్ డిగ్రీ అక్కడివే. తెలుగు నాట నుంచి కొందరు అధికారులు అక్కడికి వెళ్లి చదువుకుని వచ్చారు. కానీ హోస్ పట్టుకుని మంట ముందుకు వెళ్లేది ఫైర్‌మన్. అతని దారి వేరు. ఇంటర్మీడియట్ చదివి, పోలీసు నియామక బోర్డు పరీక్ష రాసి, పరుగు పరీక్ష నెగ్గి, ఉద్యోగం వచ్చాకే నేర్చుకుంటాడు. స్క్వాడ్ డ్రిల్లు, నిచ్చెన డ్రిల్లు, స్పృహ తప్పిన మనిషిని భుజాన వేసుకుని మెట్లు దిగే ఫైర్‌మన్ లిఫ్ట్, మనిషిని తాడుతో కిందికి దించే చైర్ నాట్, మంటను బట్టి నీళ్లా నురగా అన్న నిర్ణయం, వీపున బీఏ సెట్ (ఊపిరి పరికరం) కట్టుకుని పొగ నిండిన గదిలో గోడ వెంట తడుముకుంటూ వెళ్లడం. ఆ సెట్‌లో గాలి అరగంటకు కాస్త అటూ ఇటూగా వస్తుంది. వెళ్లడానికి ఎంత, తిరిగి రావడానికి ఎంత అని లోపలికి అడుగు పెట్టక ముందే లెక్క వేసుకోవాలి. ఈ ఒక్క లెక్క నేర్వడానికి పడే కష్టం చూస్తే ఇది కండబలం పని అనే అపోహ పోతుంది.

ఇంతలో డెల్టా భూమి కిందే నిప్పు బయటపడింది. కృష్ణా గోదావరి బేసిన్‌లో గ్యాసు దొరికాక కోనసీమ కొబ్బరి తోటల మధ్య రిగ్గులు లేచాయి. 1995 జనవరి 8 సాయంత్రం పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ తవ్వుతున్న బావిలో గ్యాసు అదుపు తప్పి ఎగదన్నింది, వెంటనే అంటుకుంది. కోనసీమ జనం ఇప్పటికీ దాన్ని బ్లో ఔట్ అనే అంటారు. మంట కొబ్బరి చెట్లకు ఎన్నో రెట్ల ఎత్తున లేచింది. చుట్టుపక్కల ఊళ్లను ఖాళీ చేయించారు. ఆ హోరు మైళ్ల దూరం వినిపించింది, రాత్రుళ్లు చీకటి పడటమే మానేసింది. మన ఫైరింజన్లు ఆర్పగలిగిన మంట కాదది. ఎగజిమ్మే గ్యాసు ఆగనంత వరకు మంట ఆర్పితే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ముందు చుట్టూ నీళ్లు కొట్టి చల్లబరచాలి, కరిగి కూలిన రిగ్గు ఇనుమును లాగి పారేయాలి, బావి మూతిని చేరుకోవాలి, మూత బిగించాలి. ఆ విద్య తెలిసినవాళ్లు అప్పట్లో ప్రపంచంలో కొద్దిమందే, అందులోనూ ఎక్కువమంది అమెరికా టెక్సస్ వాళ్లు. నీల్ ఆడమ్స్ ఫైర్‌ఫైటర్స్ అనే సంస్థ నిపుణులను పిలిపించారు. మార్చి 15న, 65 రోజుల తరువాత, ఆ బావి మూతపడింది.

ఓఎన్‌జీసీ ఇప్పుడు రాజమహేంద్రవరంలో ప్రత్యేక సంక్షోభ నివారణ బృందాన్ని నిలిపింది. బావి అదుపు విద్య నేర్చిన ఇంజనీర్లు, సిబ్బంది అందులో ఉంటారు. గోదావరి గట్టున పుట్టిన కుర్రాళ్లు బ్లో ఔట్ ముందు నిలబడే నిపుణులు కాగలిగారంటే ఆ 65 రోజుల అనుభవమూ ఒక కారణం. అయితే ఆ విద్య సంస్థ గోడ దాటి ఊళ్లలోకి రాలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరంలో గెయిల్ పైపులైను లీకై, గ్యాసు మంచులా ఊరి మీద పరుచుకుని, ఒక్కసారిగా అంటుకుంది. ఇరవై మందికి పైగా చనిపోయారు. టీ దుకాణంలో పొయ్యి వెలిగించడంతోనే అంటుకుందని అప్పట్లో చెప్పుకున్నారు. వాసన వస్తే ఏం చేయకూడదో, గాలికి ఏ వైపు పరుగెత్తాలో ఆ వీధిలో ఎవరికీ ఎవరూ నేర్పలేదు. అదే ఏడాది అక్టోబరు 20న, దీపావళికి మూడు రోజుల ముందు, పిఠాపురం దగ్గరి వాకతిప్పలో బాణసంచా తయారీ కేంద్రం పేలి పదిహేను మందికి పైగా పోయారు. ఎక్కువమంది ఆడకూలీలు.

అత్యవసర వైద్యం కథ దీనికి పక్కనే మరో దారిన నడిచింది. 2005కు ముందు తెలుగు పల్లెలో అంబులెన్సు అంటే శవాన్ని ఇంటికి తెచ్చే బండి. గుండె నొప్పి వచ్చినా, పాము కరిచినా, లారీ గుద్దినా దొరికినదాన్ని బట్టి ఆటోలో, ట్రాక్టరులో, ఆర్టీసీ బస్సులో తీసుకుపోయేవారు. రంపచోడవరం, మారేడుమిల్లి కొండల్లో మంచానికి గానీ కర్రకు గానీ కట్టి డోలీ మోసేవారు. మెడ విరిగిన మనిషిని అలా ఎత్తి కుదుపుతూ తీసుకుపోవడం వల్లే జీవితాంతం మంచాన పడ్డవాళ్లు ఎందరో.

అమెరికాలోనూ 1960ల దాకా ఇంతే. చాలా పట్టణాల్లో శవాలు మోసే బళ్లే రోగులనూ మోసేవి. నోటితో ఊపిరి ఊది ప్రాణం నిలిపే పద్ధతిని ప్రపంచానికి నేర్పిన పీటర్ సఫార్ అనే వైద్యుడు 1967లో పిట్స్‌బర్గ్‌లోని పేద నల్లజాతి పేట నుంచి పని దొరకని యువకులను పోగేసి, 300 గంటల శిక్షణ ఇచ్చి, ఫ్రీడమ్ హౌస్ అంబులెన్సు సేవ నడిపించాడు. చదువు లేదని అందరూ కొట్టిపారేసినవాళ్లు రోడ్డు మీదే గొంతులో గొట్టం వేసి ప్రాణాలు నిలిపారు. 1975లో నగరపాలక సంస్థ సొంత సేవ పెట్టి వాళ్ల సేవను మూసేసింది. వాళ్లు రుజువు చేసిన సంగతి మాత్రం మిగిలింది. డాక్టరు కాకపోయినా సరిగ్గా నేర్పితే ఆ పని చేయగలరు.

ఆ రుజువుకు తెలుగు రూపం 108 అంబులెన్సు. భీమవరం ప్రాంతపు కుటుంబానికి చెందిన సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు చొరవతో ఈఎంఆర్‌ఐ అనే సంస్థ ఏర్పడి, 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఈ సేవ మొదలైంది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం తోడై రాష్ట్రమంతటా విస్తరింపజేసింది. కుయ్ కుయ్ మంటూ వచ్చే బండి అని పల్లె పిల్లలు కూడా గుర్తుపట్టే స్థాయికి చేరింది. బండి నడిపేవాణ్ని పైలట్ అన్నారు, వెనుక రోగి పక్కన కూర్చునే మనిషి ఈఎంటీ. ఫోన్లో సలహా చెప్పడానికి కేంద్రంలో డాక్టరు ఉంటాడు.

ఈఎంటీలు ఎక్కడి నుంచి వచ్చారన్నదే ఈ చరిత్రలో అన్నిటికన్నా ఆసక్తికరమైన సంగతి. వైద్య కళాశాలల నుంచి కాదు. జిల్లాల్లోని మామూలు డిగ్రీ కాలేజీల నుంచి. బీజడ్‌సీ చదివి, ఎమ్మెస్సీ సీటు రాక, ఆక్వా చెరువుల దగ్గరో మందుల కంపెనీ ఏజెంటుగానో సర్దుకోవలసిన బీఎస్సీ కుర్రాళ్లను తీసుకున్నారు. పెద్దాపురం మహారాణి కాలేజీ లాంటి చోట్ల కప్పను కోసి నాడులు చూసిన జ్ఞానం వాళ్లకు ఉంది. మేడ్చల్ దారిలోని దేవరయాంజాల్ ప్రాంగణంలో కొద్ది వారాల శిక్షణ ఇచ్చి బండి ఎక్కించారు. ఊపిరి దారి తెరవడం, మెడకు పట్టీ, వెన్నుకు బల్ల, నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఐదు సెంటీమీటర్ల లోతున గుండె నొక్కడం, ప్రసవం చేయించడం. ముఖ్యంగా ప్రసవం. 108లో ప్రసవం, తల్లీబిడ్డ క్షేమం అనే వార్త ఇరవై ఏళ్లుగా జిల్లా పేజీల్లో కనబడని వారం లేదు. ఘాట్ రోడ్డు మలుపులో బండి పక్కకు ఆపి, సెల్‌ఫోన్ వెలుగులో బొడ్డు పేగు కోసిన ఆ బీఎస్సీ కుర్రాళ్ల గురించి ఎవరైనా ఒక పుస్తకం రాయాలి.

కొద్ది వారాల చదువు చాలదని సంస్థకు త్వరలోనే అర్థమైంది. 2007లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు అత్యవసర వైద్య నిపుణులతో కలిసి రెండేళ్ల పీజీ కోర్సు మొదలుపెట్టారు. అప్పటికి భారతదేశంలో అత్యవసర వైద్యం అనే విభాగానికి డాక్టర్లకు కూడా గుర్తింపు లేదు. భారత వైద్య మండలి ఎండీ స్థాయిలో దాన్ని గుర్తించింది 2009లో. అంటే క్యాజువాలిటీలో నిలబడే డాక్టరుకు ఆ పేరుతో పట్టా రాకముందే రోడ్డు మీద నిలబడే పారామెడిక్‌కు తరగతి మొదలైంది. ఈ ముందడుగు తెలుగువాళ్లది. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడి సంస్థ పునాదులు కదిలాయి. జీవీకే సంస్థ బాధ్యత తీసుకోవడంతో సేవ ఆగలేదు, ఇతర రాష్ట్రాలకూ పాకింది. రాష్ట్ర విభజన తరువాత ఆంధ్రప్రదేశ్‌లో నిర్వాహక సంస్థలు మారుతూ వచ్చాయి. 2020 జులై 1న విజయవాడ బెంజి సర్కిల్ నుంచి 108 అంబులెన్సులు, 104 సంచార వైద్య బళ్లు కలిపి కొత్తవి వెయ్యికి పైగా ఒకేసారి బయలుదేరాయి. బళ్లు పెరిగినంతగా వెనుక కూర్చునే మనిషి జీతం, హోదా పెరగలేదని ఈఎంటీలు సమ్మెకు దిగిన సందర్భాలు ఇదే ఇరవై ఏళ్లలో పదేపదే కనిపిస్తాయి.

చదువుతో సంబంధం లేకుండా ఈ పని చేసేవాళ్లు గోదావరి మీద ఎప్పుడూ ఉన్నారు. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ పర్యాటక బోటు 77 మందితో మునిగినప్పుడు, ప్రభుత్వ బృందాలు చేరక ముందే కచ్చులూరు గిరిజనులు నాటు పడవల్లో వెళ్లి 26 మందిని ఒడ్డుకు చేర్చారు. అడుగున కూరుకుపోయిన ఆ బోటును అక్టోబరు 22న పైకి లాగింది కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం. తాడు, లంగరు, ప్రవాహం గురించి వాళ్లకు తెలిసినది ఏ పాఠ్యప్రణాళికలోనూ లేదు. డెల్టాలో విపత్తు రక్షణ కోర్సు ఎవరైనా రాస్తే అందులో ఒక పాఠం చెప్పే అర్హత వీళ్లకుంది.

ఇప్పుడు కాకినాడ, రాజమహేంద్రవరం, విశాఖ బస్టాండ్ల దగ్గర ఫైర్ అండ్ సేఫ్టీ డిప్లొమా ప్రకటనలు గోడ గోడకూ కనిపిస్తాయి. ఇంటర్ అయిన కుర్రాళ్లు ఆరు నెలలో ఏడాదో చదివి, బ్రిటన్‌కు చెందిన నెబోష్ సర్టిఫికెట్ కూడా సంపాదించి గల్ఫ్‌కు వెళ్లిపోతున్నారు. అక్కడి రిఫైనరీలో ట్యాంకులోకి మనిషి దిగాలంటే గాలి పరీక్ష, రాత పర్మిట్, మూతి దగ్గర కాపలా, పైకి లాగే త్రిపాది, నడుముకు తాడు లేనిదే ఒప్పుకోరు. ఆ నియమం అమలు చేయించే ఉద్యోగంలో కోనసీమ కుర్రాడు ఉంటాడు. అతని సొంత జిల్లా కర్మాగారంలో ఆ ఉద్యోగం చాలా చోట్ల లేనే లేదు. రాగంపేట మరణాలకు ఇంతకు మించిన కారణం వెతకనక్కర్లేదు.

కొత్తగా రెండు మార్పులు వచ్చాయి. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం పారామెడిక్‌ను, అత్యవసర వైద్య సాంకేతిక నిపుణుణ్ని, కాలిన గాయాల సంరక్షకుణ్ని వేర్వేరు వృత్తులుగా పేరు పెట్టి గుర్తించింది. అర్హత, ప్రమాణం, రిజిస్టరు అన్నీ ఉండాలంది. 2025 జనవరి 19న గన్నవరం దగ్గర కొండపావులూరులో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ దక్షిణాది ప్రాంగణం, ఎన్‌డీఆర్‌ఎఫ్ పదో బెటాలియన్ ప్రాంగణం ప్రారంభమయ్యాయి.

పెద్దాపురం నుంచి చూస్తే ఈ విద్యకు కావలసినవన్నీ చుట్టుపక్కలే ఉన్నాయి. కాకినాడలో 1958 నాటి రంగరాయ వైద్య కళాశాల, దాని పెద్దాసుపత్రి ఉన్నాయి. జేఎన్‌టీయూలో పెట్రోలియం ఇంజనీరింగ్ విభాగం ఉంది. రాజమహేంద్రవరంలో ఓఎన్‌జీసీ నిపుణులున్నారు, ఊరూరా డ్రిల్లు చేసే ఫైర్ స్టేషన్లున్నాయి, నది మీద కచ్చులూరు పడవవాళ్లున్నారు. పొద్దున క్యాజువాలిటీలో గాయాలు చూసి, సాయంత్రం డ్రిల్ టవర్ ఎక్కే మూడేళ్ల డిగ్రీ ఒకటి ఇక్కడి ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీల్లో పెట్టడానికి కొత్త కట్టడాలు అక్కర్లేదు, శాఖల మధ్య ఒప్పందం కావాలి. దానికి ముందే తేల్చవలసిన సంగతి మరొకటుంది. 2005 నుంచి బళ్లలో పనిచేస్తూ తలపండిన తొలి ఈఎంటీలకు కొత్త చట్టం అడిగే అర్హత లేదు. వాళ్ల అనుభవాన్ని పరీక్షించి రిజిస్టరులోకి తీసుకుంటే, రేపటి తరగతికి పాఠం చెప్పే గురువులు జిల్లాలోనే దొరుకుతారు.